పదమూడు రోజులు

వికెంతి ల్వోవిచ్ జాబిన్ ఎవరికైనా అర్జీ రాసిపెడతాడు కానీ సాక్షిగా సంతకం మాత్రం పెట్టడు. పాన్చెవో ఊళ్లో తలదాచుకున్న రష్యన్లందరికీ ఈ సంగతి తెలుసు.

ఆ రష్యన్లలో ఎవరి దగ్గరా సరైన కాగితం లేదు. విప్లవంలో కొన్ని పోయాయి, అంతర్యుద్ధంలో కొన్ని తగలబడ్డాయి, మిగిలినవి క్రిమియా రేవులో ఓడెక్కే తొక్కిసలాటలో నీళ్లపాలయ్యాయి. తాను పుట్టానని రుజువు చూపలేనివాడికి సెర్బియా సర్కారు కొలువెలా ఇస్తుంది? మొదటి పెళ్లాం చనిపోయిందని చూపలేనివాడికి చర్చి రెండో పెళ్లి ఎలా చేస్తుంది? అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఇద్దరు సాక్షులు ఫాదర్ వర్లాం ఎదుట సిలువను ముద్దాడి, ఫలానాది మేము కళ్లారా చూశామని ప్రమాణం చేసి సంతకాలు పెడితే, పోయిన కాగితానికి బదులు ఆ కాగితం చెల్లుతుంది.

ఈ పద్ధతి కెప్టెన్ బోబిర్‌కి బాగా కలిసొచ్చింది. ఒక గ్లాసు రేగుపండు సారా పోయిస్తే చాలు, ఆయన దేనికైనా సాక్షి. ఆయన ప్రమాణాలన్నీ కూడితే రష్యా సామ్రాజ్యంలో ముప్పై ఏడు బాప్తిస్మాలకూ, పంతొమ్మిది పెళ్లిళ్లకూ, లెక్కలేనన్ని చావులకూ హాజరైనట్టు తేలుతుంది. వాటిలో కొన్ని ఒకే రోజున, వెయ్యి మైళ్ల దూరంలో జరిగాయి. మనిషి మాత్రం మంచివాడు. ఎవరికీ చెడు చేసే ప్రమాణం ఆయన ఎన్నడూ చెయ్యలేదు.

ఆ ప్రమాణ పత్రాలన్నీ రాసేది వికెంతి ల్వోవిచే. ఒకప్పుడు ఖార్కోవ్ కోర్టులో ఆయన లేచి నిలబడితే గ్యాలరీలో చోటుండేది కాదు. ఇప్పుడు యాభై ఎనిమిదేళ్ల వయసులో, తన కొడుకు ఈడున్న ఒక సెర్బియన్ వకీలు దగ్గర నకళ్లు రాసే గుమాస్తా. ఓడలు బళ్లవుతాయి సరే, ఈ బండికి చక్రాలు కూడా అరిగిపోయాయి. వారమంతా అక్కడ రాసి, ఆదివారం చర్చి ముగిశాక 'తెల్ల గుర్రం' కాఫీ హోటల్లో కిటికీ పక్కన కూచుని మళ్లీ రాస్తాడు. బోబిర్ చెప్పే అబద్ధాలను అందమైన దస్తూరీలో, చట్టం ఒప్పుకునే మాటల్లో పెడతాడు. రాసేవాడు సాక్షి కాడు కదా అని తనకు తాను చెప్పుకుంటాడు. ఆ మాట ఆయనకే రుచించదు, కానీ అలిసిపోయిన మనిషికి ఏదో ఒక మాట కావాలి.

సంతకం ఎందుకు పెట్టడంటే ఊళ్లో తలా ఒక కారణం చెప్పేవాళ్లు. రష్యాలో వకీలు పట్టా తీసుకునేటప్పుడే ప్రమాణం చేస్తారు కాబట్టి పెద్దాయనకి ఆ పట్టింపు పోలేదని కొందరు, ఖార్కోవ్ దర్జా ఇంకా దిగలేదని కొందరు. ఆయన ఎవరినీ ఖండించేవాడు కాదు. తప్పుడు కారణాల వెనక దాక్కోవడం హాయిగా ఉంటుంది.

ఆయన దగ్గర చొక్కాకి విడిగా తగిలించుకునే గట్టి కాలర్లు రెండే రెండు ఉండేవి. వాటిని ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి ప్రతి శనివారం తెచ్చి ఇచ్చేది గ్లఫీరా కజారినా. ముప్పై ఆరేళ్ల మనిషి. రేవు వీధిలో ఒక గది, ఒక ఇస్త్రీ బల్ల, రెండు ఇస్త్రీ పెట్టెలు, అదీ ఆమె సంసారం. చిన్న సైనికాధికారి భార్యగా గుమ్మం దాటకుండా బతికిన మనిషి, ఇప్పుడు సగం ఊరి చొక్కాలు ఆమె చేతుల మీదుగా వెళ్తున్నాయి. మొదటి ఏడాది వికెంతి ల్వోవిచ్ ఆమెకు నివాసపు అర్జీ రాసిపెట్టాడు. దానికి బదులుగా కాలర్ల పని తనదని ఆమే తేల్చేసింది. వద్దని ఎంత చెప్పినా వినలేదు. ఆమె కాలర్లు చేతికిస్తున్నప్పుడు ఆయన ఎప్పుడూ నేల చూసేవాడు. పాపం మొహమాటం అనుకునేది ఆమె.

ఆమె మొగుడు యెఫీమ్ కజారిన్ పంతొమ్మిది వందల ఇరవైలో క్రిమియాలో కనపడకుండా పోయాడు. ఆ వసంతంలో ఆమె కెర్చ్ ఆసుపత్రిలో విషజ్వరంతో పడి ఉంది. ఈ కథ ఆమె ఒకసారి ఆయనకి నవ్వుతూనే చెప్పింది.

"జ్వరంలో ఒక కల వచ్చింది వకీలు గారూ. ఆయన నా మంచం పక్కన కూచుని ఎండు చెర్రీలు నానేసిన నీళ్లు చెంచాతో పట్టిస్తున్నాడు. చెర్రీలు! ఆ కరువులో! లేచాక అడిగితే, అప్పుడే పక్క మంచానికి వచ్చిన ముసల్ది, నీకెవరూ రాలేదమ్మా, ఒంట్లో వేడి అలా ఆడించిందంది. కలలో వచ్చినవాడు మంచివాడు. నిజం మొగుడు ఏ ఇస్తాంబుల్లోనో ఎవత్తెతోనో కాపరం పెట్టుంటాడు."

వికెంతి ల్వోవిచ్ ఆ రోజు కాఫీ సగంలో వదిలేసి లేచి వెళ్లిపోయాడు. కడుపులో బాగా లేదన్నాడు.

పంతొమ్మిది వందల ఇరవై అయిదు వేసవిలో మిలుటిన్ అనే రొట్టెల కొట్టు ఆసామి గ్లఫీరాను పెళ్లి చేసుకుంటానన్నాడు. సెర్బియన్, భార్య పోయినవాడు, నలభై ఏళ్లవాడు. మాటలు తక్కువ. రోజూ తెల్లారగట్ల వేడి రొట్టె ఒకటి ఆమె కిటికీ మీద పెట్టి వెళ్లడమే ఆయన చేసిన ప్రేమ సంభాషణ. ఆమె సరేనంది. అయితే మొదటి మొగుడు చనిపోయాడని చర్చి మండలి ఒప్పుకుంటే తప్ప రెండో పెళ్లి జరగదు. క్రిస్మస్ ఉపవాసాలు మొదలైతే ఇక పెళ్లిళ్లుండవు. ఆ లోపే కాగితం రావాలి. మిలుటిన్ వ్రషాత్స్ ఊళ్లో అన్నగారి కొట్టు చూసుకోవడానికి చలికాలంలోనే వెళ్లాలి. పెళ్లికాకుండా ఆమె వెంట వెళ్లలేదు, ఆయన ఆగలేడు.

అందరూ వెళ్లే దారిలోనే ఆమె కూడా వెళ్లింది. పత్రం వికెంతి ల్వోవిచ్ రాశాడు. యెఫీమ్ కజారిన్ క్రిమియా ముఖద్వారమైన పెరెకోప్ పోరులో తమ కళ్లముందే నేలకొరిగాడని బోబిర్, సిదోరిన్ అనే పాత రైల్వే గార్డు ప్రమాణం చేశారు. ఇద్దరూ చెప్పిన తేదీలు చెప్పినట్టే ఆయన రాశాడు. ఆ రాసిన రోజు ఆయన ఇంటికెళ్లి బూట్లయినా విప్పకుండా పడుకున్నాడు.

అక్టోబరులో మండలి నుంచి జవాబు వచ్చింది. గ్లఫీరా దాన్ని విప్పకుండానే 'తెల్ల గుర్రం'కి పట్టుకొచ్చి ఆయన చేతికిచ్చింది. మొదటి సాక్షి మరణ తేదీ అక్టోబరు ఇరవై ఎనిమిది అన్నాడనీ, రెండో సాక్షి నవంబరు పది అన్నాడనీ, ఆ పదమూడు రోజుల తేడా కేలండర్ల పాత లెక్క, కొత్త లెక్కల వల్ల వచ్చిందని తేలిగ్గానే తెలుస్తోందనీ, కాబట్టి దాన్ని పట్టించుకోలేదనీ అందులో ఉంది. కానీ అదే అక్టోబరు ఇరవై ఎనిమిదిన బోబిర్ ఎంతో దూరంలోని ఫియొదోసియాలో ఒక పెళ్లిలో ఉన్నట్టు మరో ఫైల్లో ప్రమాణం చేశాడట. అందువల్ల ఈ సాక్ష్యం చెల్లదు. నమ్మదగిన మనిషి, వీలైతే చట్టం తెలిసినవాడు ఒక్కడు ప్రమాణం చేసినా చాలునని ముగించారు.

వికెంతి ల్వోవిచ్ కళ్లు ఫియొదోసియా దాకా వెళ్లలేదు. పదమూడు రోజుల దగ్గరే ఆగిపోయాయి. తేలిగ్గానే తెలుస్తోందట. ముక్కూ మొహం తెలియని ఎవడో మండలి గుమాస్తా, కూచున్నచోటు నుంచి లేవకుండా, బహుశా టీ తాగుతూనే, పదమూడు తీసేసి చూసుకున్నాడు.

కాగితం ఆయన చేతిలోంచి తీసుకుని చదివి, "వకీలు గారూ," అంది గ్లఫీరా. "మీరు ఎవరికీ సంతకం పెట్టరని తెలుసు. నాకు పెట్టండి."

ఆయన కాఫీ కప్పు పక్కకి జరిపాడు.

"చర్చి కోసమే కాదు. బోబిర్ ప్రమాణం చేస్తే చర్చి నమ్మలేదు. నిజం చెప్పాలంటే నేనూ నమ్మలేదు. మిలుటిన్‌ పక్కన పడుకున్న రోజు ఆయన బతికొచ్చి తలుపు కొడితే నా గతేమిటి? మీరు విచారించి, ఆయన చనిపోయాడని సంతకం పెడితే మాత్రం నేను నమ్ముతాను. మీరు అబద్ధానికి పెట్టరు కదా."

ఆలోచిస్తానని మాత్రం అన్నాడు ఆయన.

ఆమె వెళ్లగానే బోబిర్ గ్లాసు పట్టుకుని వచ్చి ఎదురుగా కూలబడ్డాడు. ఫియొదోసియా సంగతి విని కాసేపు సిగ్గుపడ్డాడు, ఎక్కువసేపు కాదు.

"నా ప్రమాణాలకి చెదలు పట్టాయి మహానుభావా. నీవి పెట్టెలో పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు, నీ నోట వస్తే అతుకుతుంది. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు, నిన్ను అడుగుతోంది ఒక్కటే. పెరెకోప్‌లో పోయాడను. ఆడదానికి వీరుడి విధవనన్న పేరూ దక్కుతుంది, కొత్త మొగుడూ దక్కుతాడు. ఎవడికి నష్టం?"

ఎవరికీ నష్టం లేదు. అదే వికెంతి ల్వోవిచ్‌ని భయపెట్టింది. బోబిర్ ఎంత తాగినా అతని మాటలో తప్పు దొరకలేదు. సంతకం పెడితే ఆమె నమ్ముతుంది, నమ్మి సుఖపడుతుంది. ఆయన మిగతా కాలమంతా ఆమె ఉతికిన కాలర్లు తొడుక్కుని నేల చూస్తూ బతికేయవచ్చు.

ఎందుకంటే యెఫీమ్ కజారిన్ ఎక్కడ, ఎప్పుడు, ఎలా చనిపోయాడో ఈ ఊళ్లో తెలిసినవాడు ఆయనొక్కడే.

పంతొమ్మిది వందల ఇరవై ఏప్రిల్‌లో బోల్షివిక్ ఎర్రవాళ్ల ధాటికి తెల్లసేన క్రిమియాలోకి నెట్టబడి ఉన్నప్పుడు, వికెంతి ల్వోవిచ్‌ని జంకోయ్ స్టేషన్‌లో సైనిక కోర్టుకి ముద్దాయిల తరఫు వకీలుగా వేశారు. కోర్టంటే సామాన్ల గదిలో ఒక బల్ల, ముగ్గురు అధికారులు. ఒక్కో కేసుకి అరగంట. ఏప్రిల్ పదిహేనున కజారిన్ ఆయన నాలుగో కేసు. అనుమతి లేకుండా దళం వదిలి వెళ్లాడన్నది నేరం. తన భార్య కెర్చ్‌లో చావుబతుకుల్లో ఉందని తెలిసి వెళ్లాననీ, మూడు రోజులు మంచం పక్కన ఉండి, ఎండు చెర్రీలు నానేసిన నీళ్లు పట్టించి, ఆమె గండం గడిచాక తనంతట తానే తిరిగి వచ్చాననీ అతను చెప్పుకున్నాడు. ఆ మాటలన్నీ వకీలు తన చేత్తోనే రాసుకున్నాడు. రుజువుగా అతని దగ్గర ఆసుపత్రి డాక్టరిచ్చిన కాగితం కూడా ఉంది. ఫలానా గ్లఫీరా కజారినా విషజ్వరంతో ఉందని, కింద తేదీ ఏప్రిల్ ఇరవై.

అధ్యక్షుడిగా కూచున్న కల్నల్ దాన్ని చూసి నవ్వాడు. ఇవాళ పదిహేను కదా, మీ ఆవిడ వచ్చే వారం జబ్బు పడబోతోందా అని అడిగాడు. దొంగ కాగితమని పక్కన పడేశాడు. కజారిన్ నోరు తెరిచి, తన వకీలు వైపు చూశాడు.

ఆ చూపుకి జవాబు ఒక్క ముక్క. విప్లవం వచ్చాక ఎర్రవాళ్లు తేదీలను పదమూడు రోజులు ముందుకు జరిపారు. తెల్లవాళ్లు పంతం కొద్దీ పాత లెక్కే పట్టుకుని ఉన్నారు. ఎర్రవాళ్ల ఊళ్లో రెండేళ్లు పని చేసి పారిపోయి వచ్చిన డాక్టరెవరో అలవాటు కొద్దీ కొత్త లెక్క తేదీ వేశాడు. కొత్త లెక్కలో ఇరవై అంటే పాత లెక్కలో ఏడు. అంతా సరిపోతుంది. చిన్నపిల్లలు కూడా చేసే తీసివేత అది. వికెంతి ల్వోవిచ్‌కి అది తెలుసు, అంతకుముందు వంద కాగితాల్లో చేసి ఉన్నాడు. ఆ రోజు తోచలేదు. పొద్దుటి నుంచి మూడు కేసులు ఓడిపోయాడు, ఏమీ తినలేదు, నిద్ర లేదు. ముద్దాయి యౌవనాన్ని చూసి దయ చూపమని మాత్రం అడిగి కూచున్నాడు. మరణశిక్ష విని కజారిన్ ఆఖరికి ఆయనకి దణ్ణం పెట్టాడు. అదే ఎక్కువగా గుర్తుండిపోయింది.

మర్నాడు పొద్దున్న స్టేషన్ బజారులో ఒక ఎండుచేప కొన్నాడు. అమ్మే ఆవిడ దాన్ని ఖార్కోవ్ పత్రికలో చుట్టి ఇచ్చింది. ఎర్రవాళ్ల పత్రిక. పైన ఏప్రిల్ ఇరవై నాలుగు అని ఉంది. ఇవాళ పదహారే కదా అనుకున్నాడు, అనుకుని, నడిరోడ్డు మీద నిలబడిపోయాడు. తర్వాత ఆ చేపని అలాగే చేత్తో పట్టుకుని స్టేషన్‌కి పరిగెత్తాడు. సెంట్రీ ఆయన్ని చూసి, తెల్లవారుజామునే అయిపోయిందండీ అని చెప్పాడు.

ఏడాది తిరిగాక పాన్చెవోలో సూపు కోసం నిలబడిన వరసలో, ముందున్న ఆవిడ గుమాస్తాకి తన పేరు చెప్పింది. గ్లఫీరా కజారినా, కెర్చ్ నుంచి. ఆ రోజు చెప్పి ఉండాల్సింది. తర్వాత ప్రతి శనివారం చెప్పి ఉండాల్సింది. ఒకసారి చెప్పని నిజం మరుసటి వారానికి ఇంకాస్త బరువెక్కుతుంది. సాక్షి సంతకాలు పెట్టకపోవడానికి కారణం ఆయన ప్రమాణం కాదు, దర్జా కాదు. ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చిన కాగితాన్నే చదవలేనివాడు ఇంకెవరి కాగితం మీదా పేరు వెయ్యకూడదని ఆయన తనకి తాను వేసుకున్న శిక్ష. శిక్షంటే వినడానికి గొప్పగా ఉంది. నిజానికి అది పిరికితనం కూడా.

ఆయన మూడు రోజులు పత్రం రాశాడు. మొదటిది పెరెకోప్ పత్రం. ఎంతో చక్కగా కుదిరింది. ఎదురుగాలి, మంచు, ఛాతీలో గుండు, అన్నీ పెట్టాడు. చదువుకుంటుంటే తనకే కళ్లు చెమర్చాయి, అప్పుడు తన మీద తనకే అసహ్యం వేసింది. జంకోయ్‌లో ఆ కుర్రాడి కోసం ఇందులో పదోవంతు నేర్పు చూపించినా బతికేవాడు. చింపి పొయ్యిలో వేశాడు. రెండోది చిన్నగా రాశాడు.

గురువారం మధ్యాహ్నం రేవు వీధికి వెళ్లాడు. గ్లఫీరా ఇస్త్రీ బల్ల దగ్గర ఉంది. చేతులు ఖాళీ లేవు, మీరే చదవండి వకీలు గారూ అంది. ఆయన కూచోకుండా, టోపీ చంకలో పెట్టుకుని చదివాడు. కోర్టులో చదివినట్టు, ఏ మాటకీ గొంతు పెంచకుండా, తగ్గించకుండా. వికెంతి ల్వోవిచ్ జాబిన్ అనే తాను ఆ రోజు ముద్దాయి వకీలుననీ, ముద్దాయి ఏం చెప్పాడో, డాక్టరు కాగితంలో ఏ తేదీ ఉందో, దాన్ని ఎందుకు దొంగదన్నారో, అది ఎందుకు దొంగది కాదో, ఆ సంగతి చెప్పవలసినవాడు ఎవడో అంతా వరసగా చదివాడు. ఏప్రిల్ పదహారు తెల్లవారుజామున శిక్ష అమలైందన్న చోట ముగించాడు.

ఆమె ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టేసింది.

"చెర్రీల ముక్క మళ్లీ చదవండి."

చదివాడు. ఇంకోసారి చదవమంది. మళ్లీ చదివాడు.

"అది ఆయనే చెప్పాడా? నేను మీకు చెప్పింది పట్టుకుని మీరు కల్పించలేదు కదా?"

"కల్పించగలిగేవాణ్ణయితే ఆ రోజే కల్పించి ఉండేవాణ్ణి గ్లఫీరా స్తెపానొవ్నా."

"అయితే వచ్చాడు," అంది ఆమె. గోడతో చెబుతున్నట్టుంది. "మూడు రోజులున్నాడు. నేను అయిదేళ్లు తిట్టాను. ఇస్తాంబుల్ అన్నాను, ఎవత్తె అన్నాను. ఒక్క కొవ్వొత్తి వెలిగించలేదు."

ఆ అయిదేళ్లలో నాలుగేళ్లు, నిజం దాచిన ఆయన లెక్కలోవే.

"పదమూడు తీసేస్తే సరిపోయేదా?"

"సరిపోయేది."

"అంతేనా?"

"అంతే."

"మీకు తెలీదా?"

"తెలుసు. ఆ రోజు తోచలేదు. అలిసిపోయి ఉన్నాను."

ఆమె మొదటిసారి ఆయన మొహంలోకి చూసింది. "నేనూ రోజూ అలిసిపోతాను వకీలు గారూ. ఇంతవరకూ ఒక్క చొక్కాకి బొత్తం పోగొట్టలేదు."

ఆయన తల ఊపాడు. గుమాస్తా గొంతుతో, చెప్పవలసింది చెప్పాడు. మండలికి ఈ పత్రం చాలుతుంది. కానీ దీని మీద మనవాళ్లే అతన్ని కాల్చి చంపారని ఉంటుంది. నలుగురి నోళ్లలో పడుతుంది, దళం వదిలిన మనిషి పెళ్లామంటారు. ఆమె వద్దంటే చింపేస్తాడు, ఇంకోలా రాసి అయినా సంతకం పెడతాడు. ఆ చివరి మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు ఆయనకే వినపడలేదు.

"ఇదే ఇవ్వండి," అంది ఆమె. "నా కోసం వదిలాడు. అనుకోనీండి."

తర్వాత బల్ల మీద ఉన్నదాన్ని తీసుకుంది. అది ఆయన కాలరే. గంజి తడి ఇంకా ఆరలేదు. దాన్ని ఎప్పటిలాగే, అంచు నుంచి నడిమికి, నడిమి నుంచి అంచుకి, తొందర లేకుండా ఇస్త్రీ చేసింది. కాగితంలో చుట్టి ఇచ్చింది.

"ఇక మీదట నా దగ్గరికి పంపించకండి."

ఆదివారం పూజ అయ్యాక చర్చిలో పదిమంది దాకా ఉండిపోయారు. గ్లఫీరా ముందుగా మొదటి మొగుడి ఆత్మశాంతికి ప్రార్థన చేయించింది. మిలుటిన్ తన కొట్లోంచి తేనె కలిపిన ఉడికించిన గోధుమల గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టి, ఎవరి కోసమో అడగకుండా సిలువ గుర్తు వేసుకున్నాడు. ఆమె శనివారమే అంతా చెప్పిందట. విని, అయితే చాలా మంచివాడన్నమాట అని ఒక్క మాటన్నాడట. తెల్లారి కిటికీ మీద రొట్టె మామూలుగానే ఉందట.

బోబిర్ వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాడు. జీవితంలో మొదటిసారి ఒక ప్రమాణానికి ఊరికే చూడటానికి వచ్చాడు. వికెంతి ల్వోవిచ్ ఆ కాలరే తొడుక్కున్నాడు. మెడకి గట్టిగా తగులుతుంటే తల వంచడానికి కుదరలేదు. సిలువను ముద్దాడి, పత్రం మొత్తం పైకి చదివాడు. దేవుడి ముందు నిజం చెబుతున్నానన్నాడు. ముప్పై రెండేళ్ల కిందట ఖార్కోవ్‌లో పట్టా తీసుకుంటూ ఇదే మాట అన్నప్పుడు ఎంత తేలిగ్గా నోట్లోంచి వచ్చిందో ఆయనకి గుర్తొచ్చింది. చదవడం పూర్తయ్యాక ఎవరో ముసలావిడ ముక్కు చీదింది.

ఫాదర్ వర్లాం పెద్ద పుస్తకం తెరిచి కలం ముంచాడు. పేరు రాశాడు, ఊరు రాశాడు. మరణ తేదీ దగ్గర ఆగి, "ఏప్రిల్ పదహారు. మన పాత లెక్కే కదా?" అని వకీలుని అడిగాడు.

వికెంతి ల్వోవిచ్ నోరు తెరిచేలోపు గ్లఫీరా ముందుకొచ్చింది.

"రెండూ రాయండి ఫాదర్. పదహారు, పక్కనే ఇరవై తొమ్మిది. స్పష్టంగా రాయండి. రేపు ఇంకే వకీలు గారు చదివినా లెక్క తప్పకూడదు."

ఫాదర్ వర్లాం రాశాడు. సిరా ఆరేదాకా ఆమె అక్కడే నిలబడి చూసింది.

తర్వాత పుస్తకం వికెంతి ల్వోవిచ్ వైపు తిప్పారు. ఆయన సంతకం పెట్టాడు. దాని కింద ఆ రోజు తేదీ వెయ్యాలి. పాత లెక్కలో అక్టోబరు పంతొమ్మిది అని వేసి, పక్కన రెండోది వేసే ముందు, అంతమంది చూస్తుండగా, పిల్లాడిలా వేళ్ల మీద పదమూడు లెక్కపెట్టుకున్నాడు.